ఆ బొగ్గుపులుసు వాయువు మనదేనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. అయిదెకరాల వరి, రెండెకరాల రొయ్యల చెరువు ఉన్నాయి. భూమి వేడెక్కడానికి మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడే కారణమంటే నాకు నమ్మకం కుదరడం లేదు. గాలిలో అది ఉన్నదే 0.04 శాతం. ఏటా గాలిలో కలిసేదాంట్లో ప్రకృతి వదిలేది 96 వంతులు, మనిషి వదిలేది 4 వంతులేనట. పూర్వం కూడా ముందు వేడెక్కాకే ఆ వాయువు పెరిగిందని మంచు పరీక్షల్లో తేలిందట. మా తాతగారు 1953 వరద చూశారు, మేం 1996 తుఫాను చూశాం. అప్పుడు లేని గోల ఇప్పుడెందుకు? ఈ దాళ్వాలో, అంటే రెండో పంటలో, నాకు తాలు (గింజ కట్టని వడ్లు) ఎక్కువ పడింది. అదీ వాతావరణ మార్పేనంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:

ముందు నా సంగతి చెప్పేస్తాను. విన్నాక నన్ను ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి. నేను చదివింది భూగర్భశాస్త్రం. ముప్ఫై ఏళ్ళకు పైగా కోనసీమ గ్యాస్ బావుల దగ్గర పని చేసి రిటైరయ్యాను. నా ఇల్లు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ నేలలో ఉన్న కార్బన్‌ని పైకి తీసిన డబ్బుతో జరిగినవే. కాబట్టి ఈ కబురు అబద్ధమైతే బాగుండునని అనుకోవాల్సినవాణ్ణి మీకంటే నేనే ముందు. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను కూడా. రిగ్గు దగ్గర రాత్రి డ్యూటీలో టీ తాగుతూ, ఇదంతా తెల్లవాళ్ళు మన నోరు కట్టెయ్యడానికి పెట్టిన గొడవ అని మీకంటే గట్టిగా వాదించేవాణ్ణి. నా మనసు మార్చింది ఎవరి ఉపన్యాసమూ కాదు, మా వృత్తిలో వాడే ఒక పరీక్ష.

లంక గ్రామాల్లో అప్పుడప్పుడూ చేతి పంపులోంచి నీళ్ళతో పాటు బుడగలు వస్తాయి. అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ఊరంతా కంగారు, మీ బావి లీకయిందని గొడవ. మేం వెళ్ళి ఆ గ్యాస్‌ని సీసాలో పట్టి ల్యాబుకి పంపేవాళ్ళం. అది రెండు రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. ఒకటి బురద గ్యాస్, అంటే ఎప్పుడో మట్టిలో కూరుకుపోయిన ఆకూ అలమూ కుళ్ళి పుట్టింది. రెండోది కిలోమీటర్ల లోతు రాళ్ళలో కోట్ల ఏళ్ళ కిందట తయారైంది. రెండూ మీథేనే. రెండింటికీ రంగుండదు, రెండూ ఒకలాగే మండుతాయి. తేడా కార్బన్‌లో ఉంటుంది. కార్బన్ పరమాణువుల్లో తేలికవి ఉంటాయి, కాస్త బరువైనవి ఉంటాయి. తేలికదాన్ని కార్బన్-12 అనీ, బరువైనదాన్ని కార్బన్-13 అనీ అంటాం. బురదలో సూక్ష్మజీవులు చేసిన గ్యాస్‌లో బరువైనవి బాగా తక్కువ, లోతు గ్యాస్‌లో అంత తక్కువ కాదు. ఇంకొకటి కార్బన్-14. బతికున్న చెట్టులో, జంతువులో అది కొద్దిగా ఉంటుంది. ప్రాణం పోయాక 5,730 ఏళ్ళకి సగమవుతుంది, మళ్ళీ అన్నేళ్ళకి అందులో సగం. ఏ యాభై వేల ఏళ్ళో దాటితే దాదాపు ఏమీ మిగలదు. కోట్ల ఏళ్ళ నాటి మా లోతు గ్యాస్‌లో అది సున్నా.

రిపోర్టు ‘ఇది బురద గ్యాస్’ అంటే మా ఆఫీసు ఊపిరి పీల్చుకునేది. ‘లోతుది’ అంటే వెంటనే బావి దగ్గరికి పరుగు. ఆ కాగితం మీద లక్షల రూపాయల నిర్ణయాలు జరిగాయి. ఆ పరీక్షని నమ్మలేం అని మాలో ఎవ్వరూ అనలేదు. నేనూ అనలేదు.

సరిగ్గా అదే పరీక్ష గాలికీ పెట్టారండి. ఏటేటా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-13 వంతు తగ్గుతూ వస్తోంది. అంటే కొత్తగా కలుస్తున్న కార్బన్ ఒకప్పుడు మొక్కల్లోంచి వచ్చిందన్నమాట, ఎందుకంటే మొక్క తేలిక కార్బన్‌నే ఎక్కువగా తీసుకుంటుంది. మరి ఆ మొక్కలు ఈనాటివా, ఏనాటివా? ఈ మధ్యవే అయితే కార్బన్-14 వాటితో పాటే వచ్చేది. హాన్స్ సూయెస్ అనే ఆయన 1955లోనే చెట్ల వలయాల్లో కొలిచి, అది పలచబడుతోందని చూపించాడు. అప్పటికి ఈ విషయంలో రాజకీయమే లేదు. తర్వాత అణుబాంబు పరీక్షలు గాలిలో కార్బన్-14ని ఒక్కసారిగా పెంచేసి ఆ లెక్కని కొన్నాళ్ళు గజిబిజి చేశాయనుకోండి, అది వేరే కథ. మొత్తానికి గాలిలోకి చేరుతున్నది కార్బన్-14 లేని, మొక్కల నుంచి పుట్టిన, ఎప్పటిదో పాత కార్బన్. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ అంటే అదే. ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. చేతి పంపు విషయంలో నమ్మిన లెక్కని ఆకాశం విషయంలో నమ్మనని ఏ మొహం పెట్టుకుని అనను?

మూడో సాక్ష్యం ఆక్సిజన్. పాశర్లపూడి మంట మీకు గుర్తుండే ఉంటుంది. 1995 జనవరిలో బావి అదుపు తప్పి అంటుకుంటే 65 రోజులు మండింది. రాత్రుళ్ళు ఎక్కడెక్కడి వాళ్ళకో ఆ వెలుగు కనిపించేది. అంత గ్యాస్ ఏమైపోయింది? మాయమవలేదు. ఒక టన్ను మీథేన్ పూర్తిగా మండితే గాలిలోంచి 4 టన్నుల ఆక్సిజన్ లాక్కుని, 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మిగతాది నీటి ఆవిరి అవుతుంది. ప్రపంచమంతా ఇంధనం మండుతుంటే గాలిలో ఆక్సిజన్ కూడా తగ్గాలి కదా? తగ్గుతోంది. పీల్చుకోవడానికి భయం లేదు, ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంది, తగ్గేది బహు స్వల్పం. కానీ పరికరానికి తెలుస్తుంది. ఈ వాయువు అగ్నిపర్వతాల నుంచి వస్తోందనే వాదన ఇక్కడే పడిపోతుంది. అగ్నిపర్వతం కక్కే కార్బన్ డయాక్సైడ్ లోపలి నుంచే తయారై వస్తుంది, మన గాలిలో ఆక్సిజన్‌ని వాడుకోదు.

అగ్నిపర్వతాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన రోడ్లకి వేసే నల్ల కంకర పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీల నుంచి వస్తుంది చూడండి, అదంతా చల్లారిన లావాయే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమిని కప్పేసిన లావా తాలూకు తూర్పు కొస అది. అదే రాయి రాజోలు కింద లోతుల్లో మా డ్రిల్లింగుకి తగిలేది. అంత లావా పొంగిన రోజుల్లో వాతావరణం తారుమారవడానికి అది చాలు. ఇప్పటి అగ్నిపర్వతాలకి ఆ సత్తా లేదు. అవన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనం ఇంధనాలు కాల్చి వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా కాదు. మనది ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నులు.

ఇక మీ 96, 4 లెక్క. అంకెలు దాదాపు నిజమే, వాటి నుంచి మీరు తేల్చింది తప్పు. మీ చెరువునే తీసుకోండి. కాలువ తూము నుంచి 96 వంతుల నీళ్ళు వస్తున్నాయి, డ్రెయిన్ తూము నుంచి 96 వంతులూ పోతున్నాయి. మట్టం ఏళ్ళ తరబడి ఒక్కచోటే నిలబడింది. ఇప్పుడు పక్కాయన చిన్న మోటారు పెట్టి 4 వంతుల నీళ్ళు రాత్రింబవళ్ళు తోడిపోస్తున్నాడు. డ్రెయిన్ తూము ఇంకో 2 వంతులు తట్టుకుంది. మిగతా 2 వంతులు చెరువులోనే ఉండిపోయాయి. గట్టు పొర్లుతుంటే, ‘కాలువ నీళ్ళే 96 వంతులు కదా, నా మోటారెంత’ అంటే పంచాయితీలో మీరు ఒప్పుకుంటారా? గాలిలో జరుగుతున్నది ఇదే. అడవులు, సముద్రాలు వదిలేదానికంటే ఎక్కువే మింగుతున్నాయి, మనం పోసేదాంట్లో సగం దాకా వాళ్ళే భరిస్తున్నారు. మిగిలిన సగమే ఏటేటా పేరుకుంటోంది. యంత్రాల కాలానికి ముందు పది లక్షల్లో 280 వంతులుండేది. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేసరికి 315. ఇప్పుడు 420 దాటింది. సముద్రం వేడెక్కి తనంతట తాను వదులుతోందని కొందరంటారు. అలా అయితే సముద్రంలో అది తగ్గాలి. కానీ అక్కడా పెరిగి, నీటి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే అంకె) 8.2 నుంచి 8.1కి దిగింది. పీహెచ్‌లో 0.1 అంటే ఏమిటో చెరువు చేసేవాడికి నేను చెప్పక్కర్లేదు.

గేదెలు, మన ఊపిరి సంగతి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. మీరు వదిలే ఊపిరిలో కార్బన్ మీరు తిన్న అన్నంలోది. ఆ అన్నం మొన్న సార్వాలో, అంటే తొలి పంటలో, అదే గాలిలోంచి వరి దుబ్బు పీల్చుకున్నది. అప్పు తెచ్చి అక్కడే కట్టేసినట్టు, ఖాతాలో తేడా రాదు. వరి మళ్ళలో, గేదె కడుపులో పుట్టే మీథేన్ మాత్రం వేడి పట్టడంలో బలమైనదే. అయితే అది పన్నెండేళ్ళలోపు చాలా మటుకు విరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వేల ఏళ్ళు ఉండిపోతుంది.

0.04 శాతం ఏం చేస్తుందన్నారు. ఈ మాట వేరేవాళ్ళు అంటే సరే, రొయ్యల రైతు అనడం నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మీ చెరువులో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) ఉంటే నిద్రపోతారు. తెల్లవారుజామున 2కి పడిందంటే టెన్షన్, ఏరేటర్లన్నీ ఆన్ చేసి గట్టు మీదే కూర్చుంటారు. తేడా పది లక్షల్లో మూడు వంతులే! గాలిలో మనం మాట్లాడుతున్నది పది లక్షల్లో 420 వంతులు. కొంచెమే కదా అన్నది వాదన కాదు, ఆ కొంచెం ఏ పని చేస్తుందన్నదే చూడాలి. గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. నేల నుంచి పైకి పోయే వేడి కిరణాలని అవి దాదాపు పట్టించుకోవు. పట్టించుకునేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివే. సంక్రాంతికి ముందు ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఎముకలు కొరికే చలి, మబ్బు పట్టిన రాత్రి వెచ్చన, ఇది మనకందరికీ తెలుసు. సూర్యుడు రెండు రోజులూ ఒకేలా కాశాడు, తేడా నేల వదిలిన వేడిని పైన పట్టినవాళ్ళు ఉన్నారా లేరా అన్నదే. ఈ వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది, ఉన్నది ప్లస్ 15 దాకా.

ఇది కంప్యూటర్లు కనిపెట్టిన సంగతి కాదు. 1856లో యూనిస్ ఫూట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాల్లో ఈ వాయువు నింపి ఎండలో పెట్టి చూసింది. 1859లో జాన్ టిండాల్ వేడి కిరణాలతోనే కొలిచాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అంటే ఈ పరిశోధన దానికి కాస్త చిన్న చెల్లెలు. 1896లో అర్హీనియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ వాయువు రెట్టింపయితే ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు. 1970 నుంచి ఉపగ్రహాలు భూమి వదిలే వేడి కిరణాలని పైనుంచి కొలిచి చూస్తే, కార్బన్ డయాక్సైడ్ పట్టే కిరణాల దగ్గర ఎవరో కొరికినట్టు గంటు కనిపిస్తుంది. 1970 నాటి కొలతని 1997 నాటి దానితో పోలిస్తే ఆ గంటు ఇంకా లోతుగా ఉంది.

సూర్యుడి మీద అనుమానం నాకూ చాలాకాలం ఉండేది. దాన్ని తీర్చింది పై గాలి. ఎండ పెరిగి వేడెక్కితే కింది పొరా పై పొరా రెండూ వేడెక్కాలి. దానికి బదులు కిందిది వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అలాగే జరగాలని స్యుకురో మనాబే 1967లోనే లెక్కేసి చెప్పాడు. ఆయనకి 2021లో నోబెల్ ఇచ్చారు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తున్నాయి, ఇంత వేడికి సరిపడా పెరుగుదల అక్కడ లేదు.

మంచు పరీక్షల మాట నిజం. దక్షిణ ధ్రువపు మంచులో 8 లక్షల ఏళ్ళ గాలి బుడగలు ఉన్నాయి. మంచు యుగాలు ముగిసినప్పుడు అక్కడ వేడి ముందు మొదలైంది, వాయువు కొన్ని వందల ఏళ్ళు వెనకబడిందని మొదట్లో లెక్క కట్టారు. ఆ యుగాలని కదిపింది భూమి తిరిగే దారిలో, వాలులో వచ్చే నెమ్మది మార్పులు. వేడికి సముద్రం వాయువుని వదిలింది, అది ఇంకా వేడి పెంచింది. మళ్ళీ మీ చెరువు దగ్గరికే వస్తాను. డీవో పడితే రొయ్య చస్తుంది, చచ్చిన రొయ్య కుళ్ళి డీవోని ఇంకా పడగొడుతుంది. కిందటి పంటలో ముందు చావే మొదలయింది కాబట్టి డీవో పడితే రొయ్య చావదని ఎవరైనా అంటారా? ఈసారి వాయువు తనంతట రాలేదు, మనం తవ్వి తీశాం. నేనే తీశాను.

ఇక మీరు సరిగ్గా చెప్పినచోటికి వద్దాం, ఎందుకంటే మీ కోపంలో న్యాయం ఉంది. 1953 వరదకీ కార్బన్‌కీ ముడి పెట్టక్కర్లేదు. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, గోదావరి అంటేనే అంత. 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవుని తుఫాను ఊడ్చేసినప్పుడు గాలిలో వాయువు ఇంచుమించు పాత లెక్కలోనే ఉంది. బంగాళాఖాతంలో తుఫాన్ల లెక్క పెరిగిపోయిందని ఎవరైనా అంటే అదీ నమ్మకండి. సంఖ్య కాదు, పుట్టినవాటిలో మరీ తీవ్రమయ్యేవాటి గురించే భయం. వేడి సముద్రం మీద గాలి డిగ్రీకి 7 శాతం చొప్పున తేమ ఎక్కువ మోస్తుంది, వాన ఒక్కసారి గుమ్మరించడం దానివల్లే.

ఉప్పాడ దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రం ఊళ్ళ మీదకి వస్తోందంటే అందులో కార్బన్ వాటా ఒకటి, మిగతా వాటాలు వేరే. ప్రపంచ సముద్ర మట్టం 1901 నుంచి 2018 దాకా సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. కానీ మన డెల్టా నేలా కుంగుతోంది. డెల్టా అంటే ఏటా వచ్చే ఒండ్రుతో బతికే నేల. పైన కట్టిన జలాశయాలు ఒండ్రుని ఆపేశాక, 1970లలో వచ్చినదాంట్లో 1990ల నాటికి మూడో వంతుకి కాస్త పైన మాత్రమే మన దాకా వచ్చింది. మడ అడవులు కొట్టి చెరువులు తవ్వింది ఎవరో మనందరికీ తెలుసు. యనమదుర్రు డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుని, పూడిక తియ్యక చేలు మునిగితే ‘వాతావరణ మార్పు’ అని చెప్పి తప్పించుకునే అధికారుల్ని నేనూ చూశాను. అటువంటి మాట విన్న రైతుకి అసలు సంగతి మీదే నమ్మకం పోతుంది. పూడిక మీద అర్జీ పెట్టండి, దానికి ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) రిపోర్టు అక్కర్లేదు.

ఎవరు కట్టాలన్నది ఇంకో గొడవ. మన దేశంలో తలకి ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో దాదాపు 14. ఇంతకాలం వాళ్ళు కాల్చుకుని ఇప్పుడు మనల్ని మానమంటే ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. ఒళ్ళు మండినంత మాత్రాన లెక్క మారదు.

శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోనిది కారణం గురించి కాదు, ఎంత అన్నదాని గురించి. వాయువు రెట్టింపయితే సగటున 3 డిగ్రీలు అంటున్నారు, 2.5 నుంచి 4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మబ్బులు ఎలా ప్రవర్తిస్తాయన్నది పెద్ద చిక్కు. మన దేశం 1901 నుంచి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు వేడెక్కింది, ప్రపంచ సగటు కంటే తక్కువ. పొగ, దుమ్ము కొంత ఎండని ఆపడం దానికి ఒక కారణం. ఆ తెర తొలగితే వేడి ఇంకా బయటపడుతుంది.

మీ తాలు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దానికి ఇంత దూరం నుంచి అవునో కాదో చెప్పలేను. వరి పువ్వు పొద్దున్న పదింటికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య గంటో ఇంకాసేపో మాత్రమే విచ్చుకుంటుంది. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనికిరాకుండా పోయి గింజ కట్టదు. రాత్రుళ్ళు వెచ్చబడ్డా దిగుబడి పోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2004లో, పంట కాలంలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని వాళ్ళ పొలాల లెక్కలతో చూపించింది. సార్వా కోతలు ఆలస్యమై, కాలువ నీళ్ళు ఆలస్యమై మీ ఊడ్పులు వెనకబడి ఉంటే, పూత మార్చి చివరికి జరిగి ఎండలో పడి ఉంటుంది. అప్పుడు తప్పులో సగం క్యాలెండర్‌ది. దోమపోటు, పొట్ట దశలో నీటి ఎద్దడి కూడా తాలు తెస్తాయి. ఏ రకం వేశారు, ఎన్నో తారీఖున ఊడ్చారు, పూత ఏ వారం పడింది, ఆ వారం పొద్దున్న పదకొండింటికి మీ దగ్గర ఎంత వేడి ఉంది, ఇవి రాయండి. చెరువు గట్టు మీద మీరు పెట్టుకున్న థర్మామీటర్ లెక్క అయినా సరే. మార్టేరు పరిశోధన కేంద్రంలో వరి వాళ్ళకి చూపిస్తే నాకంటే బాగా చెబుతారు.